థైరాయిడ్ గడ్డలు – రక్తనాళముల పెరుగుదల

సూరత్ నగరమందలి సలాబత్‌పురా పేటలో పగలనక రాత్రియనక సాంచాలు ఆడుచునే యుండును. రింగురోడ్డు బట్టల మార్కెట్లకు దాపుననున్న ఈ పేటలోను, లింబాయత్ మొదలగు ఇతర ప్రాంతములలోను, తెలంగాణము నుండి తరతరములుగా వలసవచ్చిన పద్మశాలీ కుటుంబములు నివసించుచున్నవి. సూరత్ పురపాలక సంఘము నడుపు బడులలో తెలుగు మాధ్యమము గలవి కూడ ఉండుటకు ఈ నేతకుటుంబముల రాకయే కారణము.

అట్టి ఇంటిలో కండెలు చుట్టు నలువదియేండ్ల స్త్రీ యొకతె కలదనుకొందము. ఒకనాడు స్నానమాడి మంగళసూత్రము సవరించుకొనునపుడు, మెడకు కుడివైపున రేగుపండంత గడ్డ యొకటి ఆమె వ్రేళ్లకు తగిలినది. నొప్పి లేదు. గుటక వేసినపుడది పైకి లేచి మరల దిగుచున్నది. ప్రక్కయింటి ఆమె చూచి, “వదినా, పసరు కట్టు కట్టించుము, పది దినములలో కరగిపోవును” అన్నది. పెద్దకూతురికి సంబంధములు చూచుచున్న సమయమగుటచే ఇంటివారు ఆ సంగతి బయట పొక్కనీయలేదు. మూడు నెలలు గడచినవి. గడ్డ కరగలేదు. తుదకు అల్ట్రాసౌండ్ స్కానింగు చేయించిరి. వచ్చిన కాగితములో ‘గడ్డ లోపల రక్తప్రవాహము హెచ్చుగా నున్నది’ అని యొక వాక్యము కలదు. కళాశాలలో చదువు కుమారుడు, క్యాన్సరు తన పెరుగుదలకై క్రొత్త రక్తనాళములను పుట్టించుకొనునని ఎచ్చటనో చదివియున్నాడు. ఆ రాత్రి ఆ ఇంట ఎవరికిని నిదుర లేదు.

ఆ బాలుడు చదివినది అసత్యము కాదు. కాని దాని నుండి అతడు తీసిన నిర్ణయము సరియైనది కాదు. రక్తనాళములు హెచ్చుగా పెరిగిన గడ్డ క్యాన్సరేయని చెప్పుటకు వీలులేదు. తక్కువగా నున్నంతమాత్రమున కాదని చెప్పుటకును వీలులేదు. ఇట్లేల యగునో గ్రహించుటకు ముందు ఆ గ్రంథిని గూర్చి కొంత తెలిసికొనవలెను.

గ్రంథి – దాని రక్తము

థైరాయిడ్ గ్రంథి మెడ ముందుభాగమున, శ్వాసనాళమునకు ఇరుప్రక్కల రెక్కలు చాచిన సీతాకోకచిలుకవలె అంటియుండును. పెద్దవారిలో దీని బరువు పదునైదు మొదలు ఇరువదియైదు గ్రాములు మాత్రమే. రక్తములోని అయొడినును గ్రహించి, దానితో శరీరమునందలి అన్ని కణముల పనివేగమును నియమించు హార్మోనులను ఇది తయారుచేయును. అయొడిను ఆహారములో అత్యల్పముగా లభించు పదార్థము. దానిని ఏరి పట్టుకొనుటకు రక్తము మిక్కుటముగా గ్రంథిలో ప్రవహింపవలెను. గ్రంథి గ్రాము ఒక్కింటికి నిమిషమునకు నాలుగు మొదలు ఆరు మిల్లీలీటర్ల రక్తము వచ్చును. ఎత్తుకు ఎత్తు చూచినచో ఇది మూత్రపిండములకు వచ్చుదానికంటెను ఎక్కువ. శరీరమందలి రక్తమంతయు ఇంచుమించు గంటకొకమారు ఈ చిన్న గ్రంథి గుండా పోవుచున్నదని చెప్పవచ్చును. కావున రక్తసమృద్ధి థైరాయిడ్‌కు రోగము కాదు, సహజగుణము. స్కానింగు కాగితమును చదువునపుడు మొదట గుర్తుంచుకొనవలసినది ఇదియే.

గాజుపాత్రలోని గ్రంథి

కణము బ్రతుకుటకు ప్రాణవాయువు కావలెను. అది కేశనాళిక నుండి కణజాలములోనికి స్వయముగా చొచ్చుకొనిపోగల దూరము మిల్లీమీటరులో పదవ వంతు మొదలు అయిదవ వంతు వరకే. అంతకు దూరమున నున్న కణము ఊపిరాడక చచ్చును. కనుక ఏ గడ్డయైనను, మంచిదైనను చెడ్డదైనను, ఆవగింజను మించి పెరుగదలచినచో తనకు ప్రత్యేకముగా రక్తనాళములను తెప్పించుకొనక తప్పదు.

ఈ సత్యము తొలుత బయటపడినది థైరాయిడ్ గ్రంథిలోనే యగుట విశేషము. 1960 ప్రాంతమున అమెరికా నౌకాదళపు వైద్యశాలలో, బెథెస్డా అను పట్టణమున, జూడా ఫోక్‌మన్ అను యువ శస్త్రవైద్యుడు పనిచేయుచుండెను. రక్తమునకు బదులు వాడదగిన ద్రవమును కనుగొనుట ఆయనకు అప్పగించిన పని. జంతువుల థైరాయిడ్ గ్రంథులను వెలికి తీసి, గాజుపాత్రలలో నుంచి, వాని నాళముల గుండా ఆ ద్రవమును ప్రవహింపజేసి, గ్రంథులను సజీవముగా నిలిపెను. పిమ్మట వానిలో క్యాన్సరు కణములను నాటెను. ఆ కణములు పెరిగినవి. కాని ఒకటి రెండు మిల్లీమీటర్ల పరిమాణమునకు రాగానే అన్నియు ఆగిపోయినవి. అవి చావలేదు. మరల తీసి సజీవమగు ఎలుకలో నాటగా విజృంభించినవి. గాజుపాత్రలోని గ్రంథిలో క్రొత్త నాళములు మొలకెత్తకపోవుటయు, ఎలుకలో మొలకెత్తుటయు దీనికి కారణమని ఆయన ఊహించెను. ప్రయోగ వివరములు 1963లోను, క్యాన్సరు తన నాళములను తానే పిలిపించుకొనునను సిద్ధాంతము 1971లోను ప్రకటితములైనవి. చాలకాలము వైద్యలోకము దానిని నమ్మలేదు. నాళములను పిలుచు ఆ పదార్థమేదో చూపుమని అడుగువారికి చూపుటకు ఆనాడు ఏమియు లేకుండెను.

పిలుపు పంపు పదార్థము

1983లో బోస్టన్ నగరమున డోనాల్డ్ సెంగర్, హెరాల్డ్ డ్వోరాక్ అనువారు గడ్డలు స్రవించు ఒక మాంసకృత్తును కనుగొనిరి. రక్తనాళముల గోడల నుండి ద్రవము ఊరునట్లు చేయుట దాని గుణము. 1989లో కాలిఫోర్నియాలో నపోలియొనె ఫెరారా బృందమువారు నాళముల లోపలి పొరలోని కణములను వృద్ధిచేయు మాంసకృత్తును వేరుచేసిరి. రెండును ఒక్కటేయని తేలినది. దానికి వీఈజీఎఫ్ అను పొట్టిపేరు స్థిరపడినది. ‘రక్తనాళ అంతస్త్వచ వృద్ధికారకము’ అని దాని భావము. దీనికి తోబుట్టువులు కూడ కలవు. వానిలో ‘సి’ అను అక్షరముతో గుర్తింపబడునది రక్తనాళములకంటె ముఖ్యముగా లసికానాళములను పెంచును. ఈ భేదము ముందు పనికివచ్చును.

కణమునకు ప్రాణవాయువు తగ్గినపుడు ఈ పిలుపు బయలువెడలును. ప్రాణవాయువు కొరతను కణము ఎట్లు పసిగట్టునో కనుగొన్నందులకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అను మువ్వురికి 2019లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది.

సలాబత్‌పురావారికి దీనిని వారి పనిలోని పోలికతోనే చెప్పవచ్చును. గల్లీలో క్రొత్త కార్ఖానా పెట్టినవాడు ఒకటి రెండు సాంచాలను ఉన్న తీగ మీదనే నడుపుకొనును. పది సాంచాలు వేయవలెనన్నచో ప్రత్యేకముగా కరెంటు లైను కొరకు దరఖాస్తు పెట్టవలెను. వీఈజీఎఫ్ అట్టి దరఖాస్తు. చక్కని చీర నేయువాడును అదే దరఖాస్తు పెట్టును. దొంగసరకు తయారుచేయువాడును అదే పెట్టును. దరఖాస్తును చూచి లోపల జరుగుపని ఎట్టిదో తేల్చుట సాధ్యము కాదు.

నిరపాయకరమైన గడ్డలలో

నిరపాయకరమైన వాపులలో ముఖ్యమైనది గలగండము. ఆహారమున అయొడిను చాలనపుడు గ్రంథి తగినంత హార్మోనును చేయజాలదు. మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి దానిని గమనించి, టీఎస్‌హెచ్ అను హార్మోనును హెచ్చుగా పంపి థైరాయిడ్‌ను తొందరపెట్టును. థైరాయిడ్ కణములు వృద్ధియగును, వీఈజీఎఫ్ వెలువడును, రక్తనాళములు పెరుగును. జంతువులపై జరిపిన ప్రయోగములలో అయొడిను తగ్గిన కొలది దినములకే, గ్రంథి పెద్దది కాకమునుపే, నాళములు విప్పారుట కనబడినది. ఉన్న కొద్దిపాటి అయొడినును మరింత రక్తము నుండి ఏరుకొనుటకు గ్రంథి చేయు ప్రయత్నమిది. ఇందు క్యాన్సరు ప్రసక్తి లేదు.

ఈ గలగండమును దేశమున తగ్గించిన కృషిలో ఒక తెలుగువాని పాత్ర గొప్పది. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణమున వైద్యవిద్య నభ్యసించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి 1956 నుండి హిమాలయ పాదమందలి కాంగ్‌ڑా లోయలో సహచరులతో కలిసి పరిశోధన జరిపిరి. లోయను మూడు భాగములుగా విభజించి, రెండింటికి అయొడిను కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును సరఫరా చేయించిరి. కొన్ని యేండ్లలో అయొడిను ఉప్పు తిన్న పిల్లలలో గలగండము స్పష్టముగా తగ్గినది. ఈ ఫలితముల పునాదిపైననే 1962లో జాతీయ గలగండ నివారణ కార్యక్రమము ఆరంభమైనది. అయొడిను లేని ఉప్పును మనుష్యుల ఆహారమునకై అమ్మరాదను నిషేధము 2006 నుండి దేశమంతట అమలులోనున్నది. దేశములో తయారగు ఉప్పులో అత్యధిక భాగము గుజరాతులోనిదే. అయినను ఉప్పు పండు ప్రాంతము గనుక అయొడిను లోపముండదని తలచుట పొరపాటు. సముద్రపు ఉప్పులో స్వతస్సిద్ధముగా నుండు అయొడిను ఏ మాత్రమును చాలదు. దానిని కర్మాగారమున కలుపవలసినదే.

గ్రేవ్స్ వ్యాధి యనునది ఇంకొకటి. ఇందు గ్రంథియంతయు ఉబ్బి, హార్మోనును అతిగా స్రవించును. గుండెదడ, చేతులవణకు, బరువు తగ్గుట కలుగును. మెడపై స్టెతస్కోపు నుంచినచో రక్తము పరుగిడు ఝంకారము వినబడుటయు కలదు. ఇది క్యాన్సరు కాదు. అయినను అనేక క్యాన్సరు గడ్డలకంటె ఇందు రక్తనాళములు హెచ్చు. శస్త్రచికిత్సకు ముందు కొన్నాళ్లు అయొడిను ద్రావకము నిచ్చుట 1923లో ప్లమ్మర్ అను అమెరికా వైద్యుడు ప్రవేశపెట్టిన పద్ధతి. నాడు కారణము తెలియకున్నను, రక్తప్రవాహము తగ్గి కోత సురక్షితమగుట శస్త్రవైద్యులు కనుగొనిరి.

త్వరితముగా పుట్టిన నాళముల గోడలు బలహీనములు. అందుచే ఒక్కొక్కప్పుడు నిరపాయకరమైన గడ్డలోపలనే రక్తస్రావమై, ఒక్కదినములో గడ్డ రెండింతలై నొప్పిపుట్టును. చూచువారు భయపడుదురు. సాధారణముగా ఇది కొన్ని వారములలో తగ్గును. కాని ఊపిరి ఆడుటకు కష్టమైనచో వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

క్యాన్సరు గడ్డలలో

థైరాయిడ్ గడ్డలన్నిటిలో క్యాన్సరుగా తేలునవి నూటికి అయిదు మొదలు పదునైదు వరకు మాత్రమే. వానిలోను అధికభాగము పాపిల్లరీ అను రకము; సకాలమున చికిత్స జరిగినచో పది సంవత్సరముల పిమ్మటను నూటికి తొంబదిమందికి పైగా జీవించియుందురు. ఈ రకము మెడలోని లసికాగ్రంథులకు ప్రాకుటకు మొగ్గుచూపును. పైన చెప్పిన ‘సి’ వృద్ధికారకము ఇందు హెచ్చుగా కనబడుట పరిశోధకుల దృష్టిని ఆకర్షించినది. ఫాలిక్యులర్ అను రెండవ రకము రక్తము ద్వారా ఊపిరితిత్తులకును ఎముకలకును పోవును. మెడుల్లరీ రకము కొన్ని కుటుంబములలో వంశానుగతముగా వచ్చును. అనాప్లాస్టిక్ అనునది మిక్కిలి అరుదు, మిక్కిలి క్రూరము.

శస్త్రచికిత్సలో తీసిన గడ్డల ముక్కలకు రంగులద్ది వీఈజీఎఫ్‌ను పరీక్షించిన పరిశోధనలలో, సగటున చూచినచో, పాపిల్లరీ క్యాన్సరులో ఆ పదార్థము సాధారణ గలగండములో కంటె అధికము. రోగము మరల తిరుగబెట్టినవారి గడ్డలలో ఇంకను అధికముగా నున్నట్లు కొన్ని పరిశోధనలు చూపినవి. కాని సగటు వేరు, ఎదుటనున్న రోగి వేరు. రెండు జాతుల కొలతలును ఒకదానిపై నొకటి పడును; ఒక గలగండమున ఒక క్యాన్సరులో కంటె హెచ్చుగా నుండవచ్చును.

రక్తములో ఈ పదార్థమును కొలిచి రోగమును తేల్చవచ్చునను ఆశయు అందుచేతనే ఫలింపలేదు. దానికి మరియొక చిక్కు కలదు. రక్తము గడ్డకట్టించు ప్లేట్‌లెట్ కణములు వీఈజీఎఫ్‌ను మోయుచుండును. సీసాలోని రక్తము గడ్డకట్టగానే అవి దానిని విడుచును. గాయము మానునపుడును, గర్భిణిగా నున్నపుడును శరీరము దానిని తయారుచేయును. ఈ పరీక్ష పరిశోధనకు ఉపయోగించును గాని, గడ్డ మంచిదో చెడ్డదో తెలిసికొనగోరి డబ్బు వెచ్చించి చేయించుకొనదగినది కాదు.

స్కానింగు మాటయు నంతే. గడ్డ నడుమ రక్తప్రవాహము హెచ్చుగా నుండుట అనుమానించదగినదని ఒకప్పుడు తలచిరి. 2017లో అమెరికా రేడియాలజీ కళాశాలవారు ప్రకటించిన గణన పద్ధతిలో గడ్డ ఘనమా నీటితిత్తియా, నలుపా తెలుపా, వెడల్పుకంటె లోతెక్కువా, అంచులెట్లున్నవి, లోపల మెరయు చుక్కలున్నవా అను అయిదు లక్షణములకు మార్కులు కలవు. రక్తప్రవాహమునకు మార్కులు లేవు.

తేల్చునది సూది, సూక్ష్మదర్శిని

మార్కులనుబట్టియు పరిమాణమునుబట్టియు అవసరమైనచో సన్నసూది పరీక్ష చేయుదురు. ఇంజక్షను సూదికంటె లావుకాని సూదితో గడ్డనుండి కొన్ని కణములు తీయుదురు. కొద్ది నిమిషముల పని, మత్తు అక్కరలేదు. సూది గ్రుచ్చినచో క్యాన్సరు ప్రాకునను భయము అనేకులను ఆపుచున్నది. ఆ భయమునకు ఆధారము లేదు. పరీక్షా ఫలితమును ఆరు తరగతులుగా వ్రాయుదురు. ఈ పద్ధతికి బెథెస్డా పద్ధతియని పేరు. 2007లో నిపుణులు కూడి నిర్ణయించిన ఆ పట్టణము, ఫోక్‌మన్ గాజుపాత్రలలో గ్రంథులను బ్రతికించిన పట్టణమే. రెండవ తరగతి నిరపాయము, ఆరవది క్యాన్సరు.

నాల్గవ తరగతి చిక్కైనది. ఫాలిక్యులర్ గడ్డలలో మంచిదాని కణములును చెడ్డదాని కణములును విడివిడిగా చూచినచో ఒక్కతీరుగా నుండును. గడ్డను చుట్టియున్న పొరను అవి ఛేదించినవా, పొరలోని రక్తనాళములలో చొరబడినవా అనునదే భేదము. అది తెలియుటకు గడ్డయున్న రెక్కను శస్త్రచికిత్సలో తీసి, పొరను చుట్టును కోసి సూక్ష్మదర్శిని క్రింద చూడవలెను. ఇచ్చట రక్తనాళముల ప్రశ్న మరల వచ్చినది గాని వేషము మారినది: నాళములు ఎన్ని యున్నవి యని కాదు, వానిలోనికి కణములు దూరినవా యని. కొందరు రోగులు ఈ రెండింటిని ఒకటిగా భావించి కలత చెందుదురు.

నాళములను ఆపు మందులు

ఈ జ్ఞానము రోగనిర్ణయమునకు ఉపకరింపకున్నను చికిత్సకు ఉపకరించినది. శస్త్రచికిత్సకును, రేడియో అయొడినుకును లొంగక దేహమున వ్యాపించిన థైరాయిడ్ క్యాన్సరుకు, వీఈజీఎఫ్ పిలుపును నాళపుకణములు వినకుండ చేయు మాత్రలు వచ్చినవి. అమెరికాలో సొరాఫెనిబ్‌కు 2013లోను, లెన్వాటినిబ్‌కు 2015లోను ఈ వ్యాధి కొరకు అనుమతి లభించినది. లెన్వాటినిబ్ తీసికొన్నవారిలో వ్యాధి ముదరక నిలిచిన కాలము మధ్యస్థముగా 18.3 నెలలు, మందులేని మాత్ర తీసికొన్నవారిలో 3.6 నెలలు. ఇది నివారణ కాదు, నిలుపుదల. రక్తపుపోటు హెచ్చుట, అరచేతుల చర్మము రేగుట, విరేచనములు, బరువు తగ్గుట వంటి బాధలు తరచు కలుగును. గలగండమునకు గాని ఇతర నిరపాయకరమైన గడ్డలకు గాని ఈ మందులను వాడరు.

సలాబత్‌పురాలో

సాంచాల మ్రోతలో పనిచేయువారు ఒకరితోనొకరు అరచి మాట్లాడవలసియుండును. అందుచే గొంతు బొంగురుపోయినను ఎవరును పట్టించుకొనరు. స్వరతంతువులను నడుపు నరము థైరాయిడ్ వెనుకనే పోవుచున్నది. గడ్డ దానిని త్రొక్కినపుడు కంఠము మారును. బొంగురు మూడు వారములు దాటినను తగ్గనిచోను, గడ్డ రాయివలె గట్టిగా నున్నచోను, త్వరగా పెరుగుచున్నచోను, మ్రింగుట కష్టమైనచోను, మెడప్రక్కల మరికొన్ని కణుతులు తగిలినచోను, చిన్నతనమున మెడకు రేడియేషను చికిత్స జరిగియున్నచోను ఆలస్యము కూడదు. పసరు కట్లు చర్మమును పుండు చేయును గాని గ్రంథిని చేరజాలవు.

ఈ పేటకు చేరువలో ఉమర్‌వాడాయందు పురపాలక వైద్య కళాశాల ఆసుపత్రి, స్మిమేర్, కలదు. మజూరా గేటు వద్ద ప్రభుత్వ న్యూ సివిల్ ఆసుపత్రి కలదు. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకపు కార్డు స్వరాష్ట్రములో పొందినదైనను, పథకములో చేరిన ఆసుపత్రులలో అన్యరాష్ట్రమునను చెల్లును. కార్డు ఆసుపత్రిలో చేరి పొందు చికిత్సకే గనుక, ముందుగా చేయించు స్కానింగు, సూది పరీక్షల సంగతి ఆసుపత్రిలోనే అడిగి తెలిసికొనవలెను.

మొదట చెప్పిన స్త్రీకి సూది పరీక్షలో నాల్గవ తరగతి వచ్చినదనుకొందము. అట్టివారిలో క్యాన్సరుగా తేలువారు నూటికి ముప్పదిమంది ప్రాయము. ఆమెకు కుడిరెక్క తీయుదురు. ఎడమరెక్క మిగిలియుండుటచే ఆమెకు జీవితాంతము మాత్రలు అవసరము కాకపోవచ్చును. ఆరు వారములకు టీఎస్‌హెచ్ పరీక్ష చేసి చూతురు. తీసిన గడ్డ పాథాలజీ విభాగమునకు పోవును. కొన్ని దినముల పిమ్మట వచ్చు నివేదికలో ఇట్లుండవచ్చును: గడ్డలోపల కేశనాళికలు సమృద్ధిగా నున్నవి, చుట్టునున్న పొర ఎచ్చటను చెడలేదు, పొరలోని నాళములలో కణములు చొరలేదు, ఫాలిక్యులర్ అడినోమా, నిరపాయము. స్కానింగు కాగితములోని వాక్యమును చూచి నిదుర మానిన కుమారుడు ఈ నివేదికలోని మొదటి వాక్యమును కూడ చదువును. రెండును చెప్పునది ఒక్క విషయమే.